కలరిపయట్టు

కలరిపయట్టు కేరళ రాష్ట్రంలో పుట్టి పెరిగిన సంప్రదాయ యుద్ధవిద్య. మలయాళంలో దీనిని 'కళరిప్పయట్టు' అని పలుకుతారు. భారతదేశంలో నేటికీ గురుశిష్య పరంపరలో అభ్యాసం కొనసాగుతున్న యుద్ధవిద్యలలో ఇది ముఖ్యమైనది. దేహసాధన, ఆయుధవిద్య, మర్మశాస్త్రం, తైలమర్దనం, శ్వాసనియమం ఈ విద్యలో విడదీయరాని అంగాలు. ఈ కారణంగా దీనికి యోగాభ్యాసంతోనూ ఆయుర్వేదంతోనూ దగ్గరి సంబంధం ఉన్నది. యుద్ధరంగంలో కత్తిడాలుల కాలం ఏనాడో ముగిసినప్పటికీ, ఆరోగ్యం కొరకు, ఆత్మరక్షణ కొరకు, నాట్యరంగ శిక్షణ కొరకు నేడు దేశవిదేశాలలో దీనిని అభ్యసిస్తున్నారు. యుద్ధం లేని కాలంలో యుద్ధవిద్యను ఎందుకు, ఎలా నేర్చుకోవాలి అన్నది ఈ విద్య ముందున్న ప్రధాన ప్రశ్న.

పద వ్యుత్పత్తి

'కళరి' అనగా విద్య నేర్పే స్థలం. 'పయట్టు' అనగా అభ్యాసం, పోరు. పూర్వం కేరళలో అక్షరాలు నేర్పే బడిని 'ఎళుత్తు కళరి' అని, ఆయుధవిద్య నేర్పే స్థలాన్ని 'పయట్టు కళరి' అని పిలిచేవారు. అంటే ఒక ఊరి పిల్లవానికి చదువూ సామూ రెండూ 'కళరి' లోనే మొదలయ్యేవి. సంస్కృతంలో సాముచేయు స్థలానికి గల 'ఖలూరికా' అనే పదంతో దీనికి సంబంధం ఉన్నదని కొందరు, ద్రావిడ భాషలలోని 'కళం' అనే ధాతువు నుండి పుట్టినదని మరికొందరు పండితులు భావించారు. రెండవ అభిప్రాయం తెలుగువారికి ఆసక్తి కలిగించేది. తమిళంలో 'కళం' అంటే యుద్ధభూమి, ధాన్యం నూర్చే చోటు కూడా. తెలుగులో యుద్ధభూమికి గల 'కలను' అనే పదమూ, పల్లెలలో నేటికీ వాడుకలో ఉన్న 'కళ్ళం' అనే పదమూ ఈ కుదురుకు చెందినవే.

చరిత్ర

పరశురాముడు సముద్రం నుండి కేరళ భూమిని వెలికితీసి, దాని రక్షణ కొరకు 108 కలరులను స్థాపించి శిష్యులకు ఆయుధవిద్య నేర్పాడని ఐతిహ్యం. దక్షిణ కేరళలోని పరంపర తన మూలపురుషునిగా అగస్త్య మహర్షిని చెప్పుకొంటుంది. ఇవి విశ్వాసానికి సంబంధించిన విషయాలు. తమిళ సంగం సాహిత్యంలో వీరుల పోరాటాల ప్రస్తావనలు విరివిగా ఉన్నవి. అయితే నేడు మనం చూసే రూపంలో కలరిపయట్టు ఎప్పుడు స్థిరపడినదనే విషయంపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. 11వ శతాబ్దంలో చేర, చోళ రాజ్యాల మధ్య జరిగిన దీర్ఘకాల యుద్ధాల ఫలితంగా ఊరూరా సైనిక శిక్షణ అవసరమై ఈ విద్య వ్యాపించినదని ఇళంకుళం కుంజన్ పిళ్ళై అభిప్రాయపడ్డారు.

16వ శతాబ్దారంభంలో మలబారు తీరంలో నివసించిన పోర్చుగీసు రచయిత దువార్తె బర్బోసా నాయర్ల శిక్షణను గూర్చి వివరంగా వ్రాశాడు. బాలురను ఏడవ ఏట నుండే సాముశాలకు పంపేవారని, దేహానికి నూనె పట్టించి కీళ్ళు వదులు చేసేవారని అతని రచన వల్ల తెలుస్తున్నది. నాయర్లే గాక తియ్యలు, ముస్లిములు, క్రైస్తవులు కూడా ఈ విద్యను అభ్యసించేవారు. తియ్యలలోని 'చేకవర్లు' ప్రభువుల తగవులను తీర్చుటకు వారి పక్షాన 'అంకం' అనే ద్వంద్వయుద్ధం చేసేవారు. ఉత్తర కేరళలోని 'వడక్కన్ పాట్టుగళ్' అనే వీరగాథలు తచ్చోళి ఒతేనన్, ఆరోమల్ చేకవర్, వీరనారి ఉణ్ణియార్చ వంటి వారి కథలను చెబుతాయి. మన పల్నాటి వీరగాథలకు తెలుగునాట ఉన్న స్థానమే ఈ పాటలకు కేరళలో ఉన్నది.

క్షీణదశ

తుపాకుల రాకతో కత్తి, డాలుల ప్రాధాన్యం తగ్గింది. అంతకంటె పెద్ద దెబ్బ రాజకీయంగా తగిలింది. 1805లో పళశ్శి రాజా మరణించిన తరువాత మలబారులోను, 1809లో వేలుత్తంపి దళవా తిరుగుబాటు విఫలమైన తరువాత తిరువాన్కూరులోను బ్రిటిషువారు ప్రజలను నిరాయుధులను చేయ పూనుకున్నారు. ఆయుధధారణ నేరం కాగా కలరులు మూతబడ్డాయి. కొన్ని కుటుంబాలు మాత్రం ఇంటి గోడల మధ్య విద్యను నిలుపుకొన్నాయి. ఆయుధాలు మూలపడినా నూనె మర్దన, ఎముకల కట్టు వంటి వైద్యవిద్య గ్రామాలకు అవసరమై నిలిచింది. ఒక విధంగా ఈ విద్యను ఆ గడ్డుకాలంలో బ్రతికించినది దాని వైద్యభాగమే అని చెప్పవచ్చు. కథకళి నటుల దేహశిక్షణ, ఉత్తర కేరళలోని తెయ్యం అనుష్ఠానం కూడా ఈ విద్యలోని కొన్ని అంశాలను భద్రపరిచాయి.

పునరుద్ధరణ

1920 దశకం నుండి తలశ్శేరి ప్రాంతంలో ఈ విద్య పునరుద్ధరణ మొదలైనది. కోట్టక్కల్ కణారన్ గురుక్కళ్ వివిధ కలరులలో మిగిలి ఉన్న పద్ధతులను నేర్చి, కూర్చి శిష్యులకు అందించారు. వారి శిష్యులలో చంబాడన్ వీట్టిల్ నారాయణన్ నాయర్ (1905-1944) ముఖ్యులు. ఆయన బహిరంగ ప్రదర్శనల ద్వారా కలరిపయట్టును సామాన్య ప్రజలకు పరిచయం చేశారు. మరొక శిష్యుడు చిరక్కల్ టి. శ్రీధరన్ నాయర్ ఈ విద్యపై గ్రంథాలు రచించారు. నారాయణన్ నాయర్ కుమారుడు గోవిందన్‌కుట్టి నాయర్ 1956లో తిరువనంతపురంలో సి.వి.ఎన్. కలరిని స్థాపించారు.

కోళికోడ్ జిల్లా వటకరకు చెందిన మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. బాల్యంలో కలరిలో అడుగుపెట్టిన ఆమె డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత కూడా కత్తిసాము నేర్పడం దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. పూర్వం బాలికలకు యుక్తవయస్సు రాగానే అభ్యాసం మాన్పించడం అనేక కుటుంబాలలో ఆచారంగా ఉండేది. ఆమె జీవితం ఆ ఆచారానికి సమాధానం వంటిది. 2022లో చావక్కాడ్‌కు చెందిన శంకరనారాయణ మేనోన్‌కు, 2023లో కణ్ణూరుకు చెందిన ఎస్.ఆర్.డి. ప్రసాద్‌కు కూడా పద్మశ్రీ పురస్కారాలు లభించాయి.

కలరి నిర్మాణం

సంప్రదాయ పద్ధతిలో కలరి నేలను తవ్వి నిర్మించిన దీర్ఘచతురస్రపు గుంట. సాధారణంగా 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉంటుంది. నేలమట్టం కంటె సుమారు మూడున్నర నుండి నాలుగు అడుగుల లోతున మట్టినేల ఉంటుంది. తాటాకు లేదా కొబ్బరాకు కప్పు వేస్తారు. ప్రవేశం తూర్పున ఉంటుంది. నైరుతి మూలలో ఏడు మెట్లు గల 'పూత్తర' అనే పీఠం ఉంటుంది. శిష్యుడు కుడికాలు ముందుగా మోపి లోనికి దిగి, నేలను తాకి నమస్కరించి, పూత్తరకు, గురువుకు వందనం చేసిన తరువాతే అభ్యాసం మొదలుపెడతాడు.

ఈ నిర్మాణంలో ఆచారమే గాక ప్రయోజనం కూడా ఉన్నది. గుంటలో ఉండుట వలన గాలి నేరుగా తగలదు. నూనె రాసుకొని చెమట పట్టిన దేహం ఒక్కసారిగా చల్లబడదు. తేమగల మట్టినేల గెంతులలో కీళ్ళపై పడే అదురును కొంత తగ్గిస్తుంది.

సంప్రదాయ భేదాలు

కలరిపయట్టులో ప్రధానంగా రెండు సంప్రదాయాలు కలవు.

వడక్కన్ (ఉత్తర) సంప్రదాయం: మలబారు ప్రాంతానికి చెందినది. వంగిన భంగిమలు, ఎత్తైన తన్నులు, గెంతులు, ఆయుధ ప్రయోగం దీని లక్షణాలు. దేహసాధన తరువాతే ఆయుధం చేపట్టాలి.

తెక్కన్ (దక్షిణ) సంప్రదాయం: తిరువాన్కూరు, కన్యాకుమారి ప్రాంతాలకు చెందినది. వట్టిచేతుల పోరు, మర్మస్థానాలపై దెబ్బ, నిటారు అడుగులు దీని లక్షణాలు. ఇందులోని వైద్యం సిద్ధ వైద్యానికి దగ్గరగా ఉంటుంది.

వీటితో బాటు మధ్య కేరళలో మరొక సంప్రదాయాన్ని కూడా కొందరు ప్రత్యేకంగా పేర్కొంటారు.

శిక్షణా క్రమం

ఉత్తర సంప్రదాయంలో శిక్షణ నాలుగు దశలుగా సాగుతుంది.

1. మెయ్‌తారి: 'మెయ్' అనగా మేను. ఇది దేహసాధన దశ. కాలు విసురులు, నడకలు, వంపులు, గెంతులు కలిసిన వరుసలను గురువు నోటితో చెప్పే 'వాయ్‌తారి' అనే ఆదేశాల ప్రకారం చేస్తారు. నేరుగా విసిరే కాలు, పక్కకు విసిరే కాలు, లోపలికి తిప్పే కాలు వంటివి మొదటి పాఠాలు. జంతువుల పేర్లు గల ఎనిమిది 'వడివు'లు (భంగిమలు) ఈ దశకు పునాది. అవి గజ, సింహ, అశ్వ, వరాహ, సర్ప, మార్జార, కుక్కుట, మయూర వడివులు.

2. కోల్‌తారి: కర్ర ఆయుధాల దశ. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే 'కెట్టుకారి' అనే పొడుగుకర్ర, సుమారు మూడు జానల 'చెరువడి' అనే పొట్టికర్ర, ఏనుగు దంతం వలె వంగిన 'ఒట్ట', గద ఇందులో చేరతాయి. ఒట్టతో మర్మస్థానాలను గురిచూడడం నేర్పుతారు.

3. అంకతారి: లోహ ఆయుధాల దశ. బాకు, ఈటె, కత్తి-డాలు నేర్పుతారు. నడుముకు పటకా వలె చుట్టుకొనగలిగిన 'ఉరుమి' అనే వంగే కత్తి చివరిది. అది విసిరినవానినే కోయగలదు కనుక అనుభవజ్ఞులకు మాత్రమే నేర్పుతారు.

4. వెఱుంకై: వట్టిచేతుల పోరు. పట్టులు, విడుపులు, మర్మప్రయోగాలు ఈ దశలో ఉంటాయి.

వట్టిచేతుల పోరు చివర రావడం ఇతర యుద్ధవిద్యల విద్యార్థులకు వింతగా తోస్తుంది. ఇందుకు కారణం ఉన్నది. మర్మాలను ఎరిగినవాడు ప్రాణం తీయగలడు. శిష్యుని స్వభావాన్ని ఏళ్ళ తరబడి గమనించిన పిదపనే గురువు ఆ విద్యను ఇస్తాడు. శిక్షణలోని ఆలస్యమే ఇక్కడ రక్షణ కవచం.

మర్మ విద్య, చికిత్స

సుశ్రుత సంహితలో మానవదేహంలో 107 మర్మస్థానాలు వివరించబడినవి. కలరి పరంపరలలో వీటిలో కొన్నింటిని ప్రాణాంతకమైనవిగా ఎంచి ప్రత్యేకంగా బోధిస్తారు. దెబ్బ తీయడం నేర్చినవాడు దానికి మారుచికిత్స కూడా నేర్చి ఉండాలన్నది నియమం. అందుచేత గురుక్కళ్ యుద్ధవిద్యా గురువే గాక వైద్యుడు కూడా.

'ఉళిచ్చిల్' అనే తైలమర్దనం ఈ చికిత్సలో ముఖ్యమైనది. కప్పు నుండి వేలాడదీసిన తాడును పట్టుకొని గురువు పాదాలతో మర్దన చేసే పద్ధతి కూడా ఉన్నది. వర్షాకాలంలో, ముఖ్యంగా కర్కాటక మాసంలో (జూలై-ఆగస్టు) మర్దనం, తీవ్రాభ్యాసం చేయడం ఆచారం. కథకళి శిక్షణలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

యోగాభ్యాసంతో సంబంధం

కలరిపయట్టు, యోగం ఒకటి కావు. అయితే రెండూ దేహాన్ని గూర్చి ఒకే విధమైన భావనలపై నిలిచినవి. ప్రాణం, నాడులు, శ్వాసకు మనస్సుకు గల సంబంధం, ఆహార నియమం, గురుముఖతః అభ్యాసం రెండింటికీ సమానం.

భేదాలు కూడా స్పష్టమే. స్థిరంగా, సుఖంగా ఉండే స్థితియే ఆసనమని పతంజలి భావన. యోగంలో ఆసనం ధ్యానానికి మెట్టు. కలరిలో వడివు ఒక క్షణం నిలిచి వెంటనే కదలికగా మారుతుంది. సర్పవడివులో ఒదిగిన దేహం మరుక్షణం సింహవడివుగా లేవాలి. యోగసాధకుడు కన్నులు మూసి లోపలికి చూస్తాడు. కలరి సాధకుడు ఎదుటివాని కన్నుల నుండి చూపు తిప్పరాదు. మేను అంతా కన్నులు కావాలని మలయాళంలో ఒక నానుడి ఉన్నది. యోగంలో ఏకాగ్రత ఒక బిందువుపై నిలవగా, కలరిలో అది నలుదిక్కులా విస్తరిస్తుంది. ఈ రెండు సాధనలు పరస్పరం పూరకాలని అనేకమంది గురువుల అభిప్రాయం.

నేడు యోగం అనగానే ఆసనాలు గుర్తుకు రావడం ఇటీవలి పరిణామం. పతంజలి అష్టాంగాలలో ఆసనం మూడవది మాత్రమే. 15వ శతాబ్దపు స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక ఆసనాలకు, ప్రాణాయామానికి ప్రాధాన్యమిచ్చినది. 1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో స్థాపించిన కైవల్యధామం యోగక్రియలను ప్రయోగశాలలో పరిశీలించడం ప్రారంభించింది. 1930 దశకంలో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయార్ ఆదరణతో తిరుమలై కృష్ణమాచార్య జగన్మోహన ప్రాసాదంలో యోగశాల నడిపారు. ఆయన శిష్యులైన బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్‌ల ద్వారా ఆసనాభ్యాసం ప్రపంచమంతటా వ్యాపించింది. కనుక సంప్రదాయం అంటే మారనిది అని భావించడం పొరపాటు. కాలానికి తగినట్లు మారినందువల్లనే యోగం నేటి ఇళ్ళలో నిలిచింది.

నేటి జీవనంలో అభ్యాసం

పట్టణ జీవితంలో దేహానికి కలిగే ముఖ్యమైన లోటు కదలిక. రోజులో ఎనిమిది, పది గంటలు కుర్చీలో కూర్చొనే ఉద్యోగికి తుంటి ముందుభాగపు కండరాలు, తొడ వెనుక నరాలు బిగుస్తాయి. వీపు వంగుతుంది. మెడ ముందుకు సాగుతుంది. పూర్వం నేలపై కూర్చొని భోజనం చేయడం, బావిలో నీరు తోడడం, పొలంలో వంగి లేవడం వల్ల అప్రయత్నంగా లభించిన వ్యాయామం నేడు లేదు. కలరిలోని లోతైన వంపులు, కాలు విసురులు సరిగా ఈ బిగిసిన భాగాలనే వదులు చేస్తాయి. ఒంటికాలి భంగిమలు సమతుల్యతను పెంచుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలి. వారంలో రెండు రోజులైనా కండరాల బలానికి సంబంధించిన వ్యాయామం ఉండాలి. 65 ఏళ్ళు దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకొనే శక్తి కొరకు వారానికి మూడు రోజులు సమతుల్యత సాధన కూడా చేయాలి. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చేసిన సాము, ఆసనాలు ఈ మూడు అవసరాలనూ చాలావరకు తీర్చగలవు. కండరాలు పనిచేసినప్పుడు రక్తంలోని గ్లూకోజును వినియోగించుకుంటాయి కనుక మధుమేహం గలవారికి కూడా క్రమబద్ధమైన అభ్యాసం మేలు చేస్తుంది. దీర్ఘకాలిక నడుమునొప్పికి మందుల కంటె ముందుగా ప్రయత్నించదగిన మార్గాలలో యోగాను కూడా చేర్చి అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచనలు వెలువరించింది.

అయితే ప్రచారంలో ఉన్న అతిశయోక్తులను నమ్మరాదు. యోగా గాని కలరి మర్దన గాని మధుమేహాన్ని, క్యాన్సరును, గుండెజబ్బును నయం చేస్తుందని చెప్పి మందులు మాన్పించడం ప్రమాదకరం. ఇవి చికిత్సకు తోడుగా ఉండవలసినవే గాని చికిత్సకు ప్రత్యామ్నాయాలు కావు.

ప్రారంభించేవారికి సూచనలు

పూర్వం ఏడవ ఏట అభ్యాసం మొదలయ్యేది. నలభై, యాభై ఏళ్ళ వయసులో మొదలుపెట్టేవారు ఈ క్రింది విషయాలు గమనించాలి.

* భోజనమైన మూడు గంటల వరకు అభ్యాసం చేయరాదు. ఉదయం ఖాళీ కడుపుతో చేయడం ఉత్తమం.
* కాలు విసురులకు ముందు పది నిమిషాలు నడక, కీళ్ళు తిప్పడం వంటి తేలిక కదలికలతో దేహాన్ని వేడెక్కించాలి. చల్లని కండరంతో ఎత్తుగా కాలు విసిరితే తొడ వెనుక కండరం చిరుగుతుంది.
* కాలు ఎత్తుకు పోటీ పడరాదు. నిలిచిన కాలి మడమ నేలకు ఆని, వెన్ను నిటారుగా ఉన్నంత వరకే విసరాలి.
* అధిక రక్తపోటు, నీటికాసులు (గ్లాకోమా) గలవారు శీర్షాసనం వంటి తలక్రిందుల ఆసనాలు చేయరాదు. తలక్రిందులైనప్పుడు కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది.
* మోకాళ్ళ నొప్పులు గలవారు లోతైన వరాహ, అశ్వ భంగిమలను, గెంతులను మానాలి. గర్భిణులు, గుండెజబ్బు గలవారు, శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.
* శ్వాస ముక్కుతోనే సాగాలి. ఊపిరి బిగబట్టవలసి వస్తున్నదంటే శక్తికి మించి చేస్తున్నట్లు అర్థం.
* నొప్పికీ శ్రమకూ భేదం తెలుసుకోవాలి. కండరంలో కలిగే బరువు శ్రమ. కీలులో కలిగే పోటు నొప్పి. రెండవది కలిగిన వెంటనే ఆపాలి.
* ఆయుధాభ్యాసం గురువు సమక్షంలో మాత్రమే చేయాలి. వీడియోలు చూచి ఉరుమి, కత్తి తిప్పడం ప్రాణాలకు ముప్పు.

అపార్ట్‌మెంటులో నివసించేవారికి చాప పరచినంత స్థలం ఆసనాలకు, వడివులకు చాలును. పొడుగుకర్ర తిప్పుటకు మాత్రం ఆరుబయట చోటు కావాలి.

గురువును ఎన్నుకొనుట

మంచి గురువు గుర్తులు తేలికగానే తెలుస్తాయి. శిష్యుని వయసు, పాత గాయాలు, జబ్బులు అడిగి తెలుసుకొంటాడు. తన గురువు పేరు, పరంపర చెబుతాడు. మొదటి నెలలోనే ఆయుధం చేతికివ్వడు. పెద్దవారికీ పిల్లలకూ ఒకే పాఠం చెప్పడు. తనకు తెలియని జబ్బును వైద్యునికి చూపమంటాడు. వారం రోజులలో విద్య పూర్తిచేసి ధృవపత్రం ఇస్తామనే ప్రకటనలను ఈ గుర్తులతో పోల్చి చూసుకోవాలి.

తెలుగునాట సాము

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కర్రసాము, కత్తిసాము, కుస్తీ పూర్వం నుండి ఉన్నవి. వీటిని నేర్పే స్థలాన్ని సాముగరిడీ, తాలింఖానా అని పిలిచేవారు. దసరా ఊరేగింపులలోను, పీర్ల పండుగలోను కర్రసాము ప్రదర్శించడం అనేక ఊళ్ళలో ఆనవాయితీ. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో జన్మించిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసి, సర్కసు కంపెనీ స్థాపించి, మల్లయోధునిగా దేశవిదేశాలలో ఖ్యాతి పొందారు. కేరళలో వలె ఇక్కడి గరిడీలలోని పాఠ్యక్రమం గ్రంథస్థం కాలేదు. గురువుతో బాటే విద్య కూడా అంతరించే స్థితి ఏర్పడినది. కలరిపయట్టు పునరుద్ధరణ చరిత్ర తెలుగువారికి ఈ విషయంలో ఉపయోగపడగలదు. అక్కడ ముందుగా జరిగిన పని ప్రదర్శన కాదు, మిగిలిన గురువుల వద్ద పాఠాలను సేకరించి వరుసలో పెట్టడం.

క్రీడగా గుర్తింపు

2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడలలో కలరిపయట్టు, గత్కా, థాంగ్-తా, మల్లఖంబం, యోగాసనాలు చేర్చబడినవి. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం యోగాసనాలను పోటీ క్రీడగా గుర్తించింది. 2023లో గోవాలో జరిగిన 37వ జాతీయ క్రీడలలో కలరిపయట్టు పతకాల పోటీగా ఉన్నది. 2025లో ఉత్తరాఖండ్‌లో జరిగిన 38వ జాతీయ క్రీడలలో మాత్రం దానిని ప్రదర్శన క్రీడగా ఉంచారు. ఇది క్రీడాకారులలో అసంతృప్తి కలిగించింది.

పోటీ క్రీడగా మారడం వల్ల యువతకు గుర్తింపు, ప్రోత్సాహం లభిస్తాయి. కాని పోటీకి కొలవగలిగినవే కావాలి. ఎంత ఎత్తుకు తన్నినాడో కొలవవచ్చును. ఎవరిని కొట్టకుండా విడిచిపెట్టినాడో కొలవడం సాధ్యం కాదు. మర్మజ్ఞానం, చికిత్స, సంయమనం పతకాల పట్టికలో చేరవు. ఇదే విధంగా పర్యాటకుల కొరకు జరిగే గంట ప్రదర్శనలలో మండే వలయాల నుండి దూకడం వంటి విన్యాసాలకు ప్రాధాన్యం పెరిగి, మెయ్‌తారి వంటి నెమ్మదైన సాధన వెనుకబడుతున్నది. మరొకవైపు ఆ ప్రదర్శనల ఆదాయమే అనేక కలరుల తలుపులు తెరిచి ఉంచుతున్నది. ఈ రెండింటి నడుమ సమతుల్యత సాధించడం గురుక్కళ్‌ల ముందున్న కష్టమైన పని.

అపోహలు

కలరిపయట్టు ప్రపంచంలోని యుద్ధవిద్యలన్నింటికీ తల్లి అని, బోధిధర్ముడు దీనిని చైనాకు తీసుకొని వెళ్ళి షావొలిన్ మఠంలో నేర్పాడని విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. దీనికి చారిత్రక ఆధారాలు లేవు. బోధిధర్ముని వ్యాయామ గురువుగా చెప్పే కథలు ఆయన కాలానికి అనేక శతాబ్దాల తరువాత చైనాలో పుట్టినవి. ఈ విద్య గొప్పదనానికి ఆ కథ అవసరం లేదు. దానిని నిలిపిన కుటుంబాల ఓర్పు, దానిలోని శాస్త్రీయ క్రమం చాలును.

విశేషాలు

* ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని 177 దేశాలు బలపరిచాయి. 2025 జూన్ 21న జాతీయ స్థాయి ప్రధాన కార్యక్రమం విశాఖపట్నం సముద్రతీరంలో జరిగింది.
* 2016లో యునెస్కో యోగాను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.
* అమెరికా రంగస్థల శాస్త్రవేత్త ఫిలిప్ జరిల్లి కేరళలో ఏళ్ళ తరబడి కలరిపయట్టు నేర్చుకొని, దానిని నటుల శిక్షణలో ప్రవేశపెట్టి, 1998లో ఈ విద్యపై సమగ్ర గ్రంథం ప్రచురించారు.
* కలరిలో గురువు, శిష్యుడు ఇరువురూ పాదరక్షలు లేకుండా ప్రవేశిస్తారు. మతభేదం లేకుండా శిష్యులందరూ ఇదే నియమం పాటిస్తారు.